తుమ్మి పువ్వు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "కరువు భత్యం గురించి ఇద్దరు మాట్లాడుతున్నారు, వైద్య ఖర్చుల బిల్లుల గురించి ఇంకొకరు మాట్లాడుతున్నారు. మీరు దయచేసి వేరే విషయం ఏదైనా ఎత్తుకోండి" అన్నారు. 1972లో గ్రామ సేవకుడిగా చేరి 2008లో విస్తరణాధికారిగా దిగిపోయినవాడిని. ముప్పై ఆరేళ్ళు రైతులకు కలుపు ఎలా తీయాలో చెప్పి జీతం తీసుకున్నాను. కాబట్టి నాకు తెలిసిన వేరే విషయం కలుపు ఒక్కటే. అందులో ఒక్క మొక్కను పట్టుకుని వచ్చాను. ఇదిగో, ఈ సంచిలో ఉంది. ఒక్కొక్కరు చూసి పక్కవారికి అందించండి. వాసన కూడా చూడండి, ఆకును వేళ్ళ మధ్య నలిపితే తెలుస్తుంది.

ముందు వరుసలో అమ్మగారు అప్పుడే నవ్వుతున్నారు. గుర్తుపట్టినట్టున్నారు. అవునమ్మా, తుమ్మే.

తుమ్మి అనగానే పట్నంలో పుట్టిన పిల్లలు తుమ్మ చెట్టు అనుకుంటారు. మా మనవడు అయితే ముక్కు పట్టుకున్నాడు, తుమ్ము వస్తుందేమోనని. తుమ్మ ముళ్ళ చెట్టు, మన నాగళ్ళకు, బండి చక్రాలకు కర్ర ఇచ్చేది. తుమ్మి మోకాలి ఎత్తు కూడా సరిగ్గా పెరగని చిన్న మొక్క. జానెడు ఎత్తునే పూతకు వస్తుంది, బాగా బలిసిన చోట రెండు అడుగులు పోతుంది. ఇది మన నేల మొక్కే. పత్తి చేలల్లో వయ్యారిభామ చూస్తారే, అది పరాయి దేశం నుంచి వచ్చి కూర్చున్నది. తుమ్మి అలా కాదు, మన తాతల తాతలు నాగలి పట్టక ముందు నుంచీ ఇక్కడిదే.

ఇది ఏకవార్షికం. అంటే ఒక్క ఏడాదిలోనే దాని పుట్టుక, పూత, కాత, చావు అన్నీ అయిపోతాయి. తొలకరికి నేల తడవగానే మొలుస్తుంది. శ్రావణంలో కొమ్మలు వేస్తుంది. భాద్రపదానికి పూత మొదలవుతుంది. కార్తీకం నాటికి చేను గట్లన్నీ తెల్లగా పూస్తాయి. తడి ఉన్న చోట సంక్రాంతి దాకా నిలుస్తుంది, ఎండలు ముదిరేసరికి కట్టె మాదిరి ఎండిపోతుంది. వేరు మిగలదు, దుంప మిగలదు. మిగిలేది గింజ మాత్రమే. మళ్ళీ వాన పడేదాకా ఆ వంశమంతా మట్టిలో ఆవగింజ కంటే కాస్త పెద్ద గింజల్లో పడుకుని ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని ఉంది.

ఇప్పుడు కాండాన్ని వేళ్ళతో తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. తులసి కొమ్మను, పుదీనా కాడను ఇలాగే తిప్పి చూస్తే అవీ నాలుగు పలకలే. ఎందుకంటే ముగ్గురూ ఒకే కుటుంబం, లామియేసి అంటారు. పాత పుస్తకాల్లో లేబియేటి అని ఉండేది, అంటే పెదవులు కలవి అని. మరువం, వాము ఆకు కూడా ఇందులోనివే. టేకు చెట్టును కూడా ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేర్చారు. మేము చదువుకున్నప్పుడు అది వేరే కుటుంబం. అంతెత్తు టేకుకు ఈ జానెడు తుమ్మి దాయాది అంటే అటవీ శాఖ మిత్రులు ఒప్పుకుంటారో లేదో మరి!

ఆకులు సన్నగా, పొడవుగా, రెండు మూడు అంగుళాలు ఉంటాయి. అంచుల్లో దూరం దూరంగా మొద్దు గంట్లు. ఒక్కొక్క కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా వస్తాయి. కింది కణుపు జంట తూర్పు పడమరలకు చూస్తే, దాని పై జంట ఉత్తర దక్షిణాలకు చూస్తుంది. పై నుంచి కిందికి చూస్తే కూడిక గుర్తు కనిపిస్తుంది. దీనివల్ల పై ఆకు నీడ నేరుగా కింది ఆకు మీద పడదు. వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, అది గట్టి నూగు. ఈ గరుకుదనాన్ని బట్టే దీని శాస్త్రీయ నామం పెట్టారు. ల్యూకస్ ఆస్పెరా. ల్యూకస్ గ్రీకు మాట, తెలుపు. ఆస్పెరా లాటిను మాట, గరుకు. తెల్లగరుకు అన్నమాట. బెర్లిన్ ఉద్యానవనంలో మొక్కల జాబితా రాసిన విల్డెనో 1809లో దీన్ని వేరే ప్రజాతిలో పెట్టి ఆస్పెరా అన్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ల్యూకస్ అనే ప్రజాతిని వేరు చేశాడు. ఆ తరువాత 1822లో, అదే బెర్లిన్ ఉద్యానవనంలో పనిచేసిన లింక్ ఈ మొక్కను దానిలోకి మార్చాడు. మన చేను గట్టు మీది మొక్కకు బెర్లిన్‌లో బారసాల జరిగింది.

అసలు చూడవలసింది పువ్వు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నేను దీన్ని సరిగ్గా చూడలేదని సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను. రిటైరయ్యాక మా అమ్మాయి ఒక చేతి భూతద్దం కొనిచ్చింది, పంచాంగంలో అక్షరాలు చదువుకోమని. దాన్ని తీసుకుపోయి మొదట తుమ్మి పువ్వు మీద పెట్టాను.

కణుపుల దగ్గర, కొమ్మ కొసన, పూలు కాండం చుట్టూ గుత్తిగా బంతిలాగా కూర్చుంటాయి. ఒక్కొక్క పువ్వుకు అడుగున ఆకుపచ్చని చిన్న గొట్టం, అదే రక్షకపత్రావళి. దాని మూతి ఏటవాలుగా కోసినట్టుంటుంది, అంచున ఎనిమిది నుంచి పది దాకా చిన్న పళ్ళు ఉంటాయి. సంస్కృతంలో ఈ జాతి మొక్కలను ద్రోణపుష్పి అంటారు. ద్రోణం అంటే దొన్నె. ఆ గొట్టాన్ని తిప్పి పట్టుకుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది.

ఆ దొన్నెలోంచి తెల్లని పువ్వు బయటికి వస్తుంది, అర అంగుళం కూడా ఉండదు. దానికి రెండు పెదవులు. పై పెదవి చిన్నది, టోపీ మాదిరి వంగి ఉంటుంది, దాని మీద దట్టంగా తెల్లని నూగు. భూతద్దంలో చూస్తే మంకీ టోపీ పెట్టుకున్నట్టే ఉంటుంది. కింది పెదవి పెద్దది, మూడు తమ్మెలు. నడిమి తమ్మె వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. తేనెటీగ వచ్చి దాని మీదే దిగుతుంది. అది దానికి అరుగు అన్నమాట. అరుగు మీద దిగి లోపలి తేనె కోసం తల దూరుస్తుంది. పై టోపీ కింద నాలుగు కేసరాలు దాగి ఉంటాయి, రెండు పొడుగు, రెండు పొట్టి. ఈగ తల దూర్చగానే వాటి పుప్పొడి దాని తలకు, వీపుకు అంటుకుంటుంది. అక్కడి నుంచి ఇంకో పువ్వుకు పోతే, అదే ఎత్తున అక్కడి కీలాగ్రం కాచుకుని ఉంటుంది. కూలి ఇచ్చి పని చేయించుకోవడం అంటే ఇదే. తేనె కూలి, పుప్పొడి మోత పని. సంతకాలు, రసీదులు లేవు.

మనం చిన్నప్పుడు ఆ కూలి ఎగ్గొట్టినవాళ్ళమే. తెల్ల పువ్వును పట్టి లాగితే దొన్నెలోంచి ఇట్టే ఊడి వస్తుంది. దాని వెనక కొస నోట్లో పెట్టుకుని పీల్చని వారు ఈ సభలో ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చూశారా, ఎవరూ ఎత్తలేదు.

పువ్వు రాలినా దొన్నె రాలదు. దాని అడుగున నాలుగు గింజలు తయారవుతాయి. ఈ కుటుంబంలో చాలా మొక్కలకు ఇదే లెక్క, పువ్వుకు నాలుగు గింజలు. గోధుమ రంగులో, నున్నగా, కోలగా ఉంటాయి. దొన్నె ఎండి, మొక్కను ఎవరో తాకినప్పుడో గాలికి ఊగినప్పుడో ఆ మూతిలోంచి రాలిపోతాయి. ఇంకొకటుంది, పెద్ద తుమ్మి. దాని గుత్తి కొసన నిమ్మకాయంత బంతిగా ఉంటుంది, ఆకులు వెడల్పు. రెండింటినీ మనవాళ్ళు ఒకే పేరుతో పిలుస్తారు. మన దేశంలో ఈ ప్రజాతిలో నలభై దాకా జాతులున్నాయి, అన్నీ చెబితే అధ్యక్షుల వారు గంట కొడతారు.

మన పక్కవాళ్ళు దీన్ని మనకంటే బాగా గౌరవించారు. తమిళంలో తుంబై. ప్రాచీన తమిళ సంప్రదాయంలో ఎదురెదురుగా నిలిచి చేసే పోరుకు ఈ పువ్వు పేరే పెట్టారు, వీరులు తుంబై మాల వేసుకునేవారట. కన్నడంలో తుంబె. మలయాళంలో తుంబ, ఓణం పండుగ పూలముగ్గులో ఇది ఉండవలసిందే. 1963 నవంబరు 21న మన దేశపు గడ్డ మీది నుంచి మొదటి రాకెట్ ఎగిరింది తిరువనంతపురం దగ్గర తుంబ అనే ఊళ్ళో. ఆ ఊరికి ఆ పేరు ఈ మొక్కను బట్టే వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. మన దగ్గర శివుడికి తుమ్మిపూలు ఇష్టమని కార్తీకమాసంలో దోసిళ్ళతో పోస్తారు. కాని బతుకమ్మలో తంగేడుకు, గునుగుకు ఉన్న పేరు దీనికి లేదు. చిన్న పువ్వు, ముట్టుకుంటే రాలుతుంది, పేర్చడానికి నిలవదు.

తెలంగాణలో మాత్రం దీనికి ఒక రోజు ఉంది. వినాయక చవితి. పూజకు చెప్పిన ఇరవై ఒక్క పత్రిలో తుమ్మి లేదు. మాచి ఉంది, మారేడు ఉంది, ఉత్తరేణి ఉంది, జిల్లేడు కూడా ఉంది, తుమ్మి లేదు. కాని వంటింట్లో ఉంది. ఆ రోజు తుమ్మికూర తినాల్సిందే అని మా ఊళ్ళో పట్టు. దేవుడికి ఉండ్రాళ్ళు, మనుషులకు తుమ్మికూర. లేత కొసలు గిల్లి, నూగు పోయేదాకా రెండు మూడు నీళ్ళు కడిగి, పెసరపప్పుతో వండి చింతపులుసు తగిలించేది మా అవ్వ. కాస్త చేదు, కాస్త ఘాటు. మా అన్నకు అదంటే ప్రాణం. నేను ముఖం ముడుచుకుంటే నా వాటా కూడా వాడే లాక్కునేవాడు.

ఆ అన్న సంగతి చెప్పడానికే అసలు ఈ మొక్కను పట్టుకొచ్చాను. ఇంట్లో తప్ప బయట ఎక్కడా చెప్పలేదు.

1968లో, చవితి పోయిన తొమ్మిదో రోజో పదో రోజో. నాకు పద్దెనిమిదేళ్ళు, వాడికి ఇరవై రెండు. ఉక్కపోతగా ఉందని వాడు అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాడు. నడిరాత్రి లేచి, చెవి వెనక చీమ కుట్టినట్టుందన్నాడు. లాంతరు తెచ్చి చూస్తే గోడ వార నుంచి కట్లపాము తోక పోవడం కనిపించింది. గాటు సరిగ్గా కనిపించలేదు, వాపు లేదు, నొప్పి లేదు. ఊళ్ళో పాము మంత్రం వేసే పెద్దాయన ఉండేవాడు, మంచివాడే, ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. ఆయన వచ్చి తుమ్మాకు తెమ్మన్నాడు. నేను లాంతరు పట్టుకుని పరుగెత్తి చేను గట్టు మీద నుంచి ఒడి నిండా పీక్కొచ్చాను. నేనే రోట్లో వేసి నలగ్గొట్టాను. నేనే గుడ్డలో వేసి పిండాను. కొంత ముక్కులో పోశారు, కొంత తాగించారు. వాడు తుమ్మి, దగ్గి, నవ్వి, "చవితికి మిగిలింది ఇప్పుడు పెడుతున్నవారా" అన్నాడు. పెద్దాయన విషం దిగిందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకుని పోయి పడుకున్నారు.

తెల్లవారుజామున కడుపు నొప్పి అన్నాడు. తరువాత కనురెప్పలు పైకి లేవలేదు. నీళ్ళు తాగిస్తే మింగలేకపోయాడు. అప్పుడు బండి కట్టాము. ఆసుపత్రి పన్నెండు మైళ్ళు. వాగు దాటలేదు, ఊపిరి ఆగిపోయింది.

కట్లపాము సంగతి నేను తరువాత చదివి తెలుసుకున్నాను. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కనపడదు. విషం నరాలకు, కండరాలకు మధ్య వార్త పోకుండా చేస్తుంది. ఆ పని కావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో మనిషి మామూలుగానే మాట్లాడతాడు. మేము ఆకుపసరు పని చేసిందని అనుకున్న సమయం అదే. మరి ఆ పెద్దాయన చేతి మీదుగా బతికినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఊళ్ళో కరిచే పాముల్లో విషం లేనివి ఎక్కువ. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం వదలదు. అలాంటప్పుడు ఏ ఆకు పోసినా మనిషి బతుకుతాడు, పేరు ఆకుకు వస్తుంది. ఆ రోజుల్లో ఆసుపత్రికి చేరి ఉంటే మా అన్న తప్పకుండా బతికేవాడని నేను అనను. కాని ఆ నాలుగు గంటలు మా చేతిలో ఉన్నవి, వాటిని పసరు పిండటానికి ఖర్చు పెట్టాము.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది పోయారు. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో విడిపోకముందటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఎక్కువగా పల్లెటూళ్ళు, ఎక్కువగా వానాకాలం. కాబట్టి ఊళ్ళల్లో ఉన్న మీ పిల్లలకు చెప్పండి. కట్లు గట్టిగా బిగించడం వద్దు, కోయడం వద్దు, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోను చేసి ఆసుపత్రికి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. నాలుగు గంటలు బాగానే ఉన్నాడని ఇంట్లో కూర్చోవద్దు.

జలుబుకు, తలనొప్పికి, గజ్జికి తుమ్మాకు వాడటం పాత వైద్యంలో ఉంది. పరిశోధనశాలల్లో దీని రసాన్ని సూక్ష్మజీవుల మీద పరీక్షించి రాసిన వ్యాసాలూ ఉన్నాయి. పరీక్ష గొట్టంలో జరిగింది ఒంట్లో జరగాలని లేదు. మొన్న మన సభ్యులొకరు తుమ్మాకు రసం తాగుతూ షుగరు మాత్రలు మానేశానని నాతో గొప్పగా చెప్పారు. పేరు చెప్పను, ఆయన ఇక్కడే ఉన్నారు. అయ్యా, మాత్రలు వేసుకోండి, తుమ్మికూర పప్పుతో తినండి.

సరే, కథలోకి వస్తాను. అన్న పోయాక మా అవ్వ తుమ్మికూర వండటం మానేసింది. చవితి నాడు చుట్టుపక్కల ఇళ్ళల్లో వాసన వస్తే తలుపు వేసుకునేది. పెరట్లో ఒక్క మొక్క మొలిచినా పీకి బయట పారేసేది. ఆ ఆకు ఎవరు పిండారో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నాలుగేళ్ళకు నాకు వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చింది. నా పని చూడండి ఎంత విచిత్రమో. 1980ల్లో శిక్షణ, సందర్శన పద్ధతి వచ్చాక పదిహేను రోజులకొకసారి ఊరూరా తిరిగి, కలుపు మందుల ప్రదర్శన పొలాలు పెట్టించాము. మొక్కజొన్న విత్తిన ఒకటి రెండు రోజుల్లో అట్రజిన్ పొడిని 200 లీటర్ల నీళ్ళలో కలిపి ఎకరం నేల మీద పిచికారీ చేయించాలి. మొలకెత్తే వెడల్పాకు కలుపు మొలకలోనే చస్తుంది. వరిలో 2,4-డి. నోటుపుస్తకంలో వెడల్పాకు కలుపు కింద నేను మొదట రాసే పేరు తుమ్మి. అది మాడిపోవడం చూసి నాకు కోపం తీరినట్టుండేదేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది. అప్పుడు మాత్రం సిఫారసు ప్రకారం చేస్తున్నాననే అనుకున్నాను.

కలుపు మందులు రాక్షసులని అనడం నాకు ఇష్టం లేదు. రోజంతా వంగి కలుపు తీసిన ఆడవాళ్ళ నడుములు నేను చూశాను. కూలికి మనిషి దొరకక, పంట కలుపులో కలిసిపోయి ఏడ్చిన రైతులనూ చూశాను. పట్నంలో కూర్చుని రైతును తిట్టడం తేలిక. కాని గట్టు మీద, బాట మీద, వాగు ఒడ్డున, పంట లేని చోట కూడా కొట్టడం ఎవరు నేర్పారు? డబ్బాలో మిగిలింది ఊరికే పోనివ్వడం ఎందుకని గట్టు మీద కొడతారు. అది మేము చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. ఏకవార్షికానికి గింజ తప్ప గతి లేదని ఇందాక చెప్పాను. ఒక ఏడు గింజ పడకముందే చస్తే పాత గింజ మొలుస్తుంది. రెండో ఏడు కూడా అంతే. ఏటా అలాగే జరిగితే మట్టిలో నిలవ ఖర్చయిపోతుంది. మన పొదుపు ఖాతా లాంటిదే, వేయకుండా తీస్తూ పోతే ఎన్నాళ్ళు?

2004లో చవితికి రెండు రోజుల ముందు మా అవ్వ నన్ను పిలిచింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. "కొడుకా, ఈసారి తుమ్మికూర తెస్తవా?" అంది. ముప్పై ఆరేళ్ళ తరువాత. నేను నోట మాట రాక తల ఊపాను.

పండుగ తెల్లవారి మోటారు సైకిల్ మీద మా ఊరి చేలకు పోయాను. ఎక్కడ పడితే అక్కడ ఉండే మొక్క, పది నిమిషాల పని అనుకున్నాను. నేనే ప్రదర్శన పెట్టించిన మొక్కజొన్న చేను చూశాను, లేదు. దాని గట్టు మాడిపోయి ఉంది. పత్తి చేలు చూశాను. వాగు దాకా పోయాను. రెండు గంటలు తిరిగాను, చేతికి నాలుగు కొమ్మలు దొరకలేదు. దొరికిన రెండు మొక్కలకు మందు తుంపర పడి ఆకులు ముడుచుకుని ఉన్నాయి, అవి తినడానికి పనికిరావు. మేకలు కాసే ముసలమ్మ ఒకామె నన్ను చూసి, "ఏం దేవులాడుతున్నవు సారూ?" అంది. చెప్పాను. ఆమె నవ్వింది. "మందు కొట్టినంక తుమ్మి యాడుంటది? కొట్టుమన్నది మీరే గద?" అంది. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నది. ఆ తరువాత ఆమే నన్ను చెరువు కట్ట అవతల తూము పక్కకు తీసుకుపోయింది. అక్కడ ఎవరూ సాగు చేయని మూల ఉంది. జానెడేసి మొక్కలు, తెల్లగా, వాటి మీద ఈగలు మూగి ఉన్నాయి. ఆమె కొసలు గిల్లి నా రుమాల్లో పోసింది.

అవ్వ తనే కూర్చుని ఆకు ఏరింది. కోడలిని చేయి పెట్టనివ్వలేదు. వండాక ఒక విస్తరిలో అన్నం, కూర వేసి అన్న ఫోటో ముందు పెట్టింది. అప్పుడు నేను చెప్పాను, ఆ రాత్రి పసరు పిండింది నేనేనని, నాకు అది ఇప్పటికీ మనసులో ఉందని. ఆమె విస్తరి సర్దుతూనే, "ఆకు ఏం చేస్తది కొడుకా, నువ్వేం చేస్తవు. మనకు తెల్వకపాయె" అంది. తరువాత నా కంచంలో కూడా కూర వేసింది. ముఖం ముడుచుకోకుండా తిన్నాను. 2006లో ఆమె పోయింది. రెండు చవితులు వండింది, అంతే.

రిటైరయ్యాక మా ఇంటి వెనక మూడు గజాల జాగాలో తుమ్మి పెంచుతున్నాను. వ్యవసాయాధికారి కలుపు పెంచుతున్నాడని వీధిలో నవ్వుకుంటారు. పెంచడానికి ఏమీ లేదు. కార్తీకం చివర దొన్నెలు ఎండినప్పుడు గుత్తిని కాగితం మీద దులిపితే గింజలు రాలతాయి. ఎండబెట్టి పొట్లం కట్టి దాచాలి. జూన్‌లో నేల తడిశాక మట్టి పైపైన చల్లాలి, లోతుగా పూడ్చకూడదు. ఎరువు అక్కర్లేదు, నీడ పనికిరాదు. కుండీలో కూడా వస్తుంది, ఫ్లాట్లలో ఉండేవారు కిటికీ దగ్గర ఎండ తగిలే చోట పెట్టుకోవచ్చు. చవితికి లేత కొసలు గిల్లుకోండి, మొత్తం పీకవద్దు. గిల్లిన చోట నుంచి మళ్ళీ కొమ్మలు వేసి పూస్తుంది, గింజ ఇస్తుంది. బయట ఏరుకునేవారు మాత్రం మందు కొట్టిన చేల గట్ల మీద, రోడ్డు పక్కన ఏరవద్దు.

ఈ ఏడాది గింజలు ఎక్కువ వచ్చాయి. పాత పోస్టు కవర్లు కత్తిరించి నలభై పొట్లాలు కట్టి తెచ్చాను, కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నాయి. సభ్యత్వ రుసుము రసీదు తీసుకునేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. చాలకపోతే మా ఇంటికి రండి, మొక్కల మీద ఇంకా గుత్తులు ఉన్నాయి.